జున్నుకీ బూందికీ ఒక ఇల్లు

ఒంటారియోలోని గ్వెల్ఫ్‌లో కార్ల విడిభాగాలు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో సరోజన పదమూడేళ్లుగా పనిచేస్తోంది. లైను చివర నిలబడి, వచ్చిన ప్రతి ముక్కనీ వెలుతురుకు పట్టి తిప్పి చూస్తుంది. సన్నటి పగులున్నా, అంచు గరుకుగా ఉన్నా ఎర్ర తొట్టిలో వేస్తుంది. ఆమె చేతిమీదుగా చెడ్డ ముక్క బయటికి పోయిందన్న మాట ఇంతవరకూ రాలేదు. సూపర్‌వైజర్లు నలుగురు మారారు గానీ సరోజన చోటు మారలేదు.

ఆమెది జగిత్యాల దగ్గర ఊరు. భర్త రాఘవులు ట్రక్కు నడుపుతాడు. సోమవారం మిస్సిసాగాలో సరుకెక్కించుకుని విన్నిపెగ్ వైపు పోతే మళ్లీ శనివారమే ఇంటికి రావడం. పిల్లలు లేరు. ఇంటి బేస్‌మెంటు చదువుకునే ఆడపిల్లలకు అద్దెకిస్తారు. కొత్తగా వచ్చిన పిల్లను కోటు కొనడానికి సరోజనే కారులో తీసుకుపోతుంది. జ్వరమొస్తే చారన్నం కిందికి పంపుతుంది. ‘సరోజన ఆంటీ బేస్‌మెంటు దొరికిందంటే అదృష్టమే’ అని పిల్లలు వాట్సాప్ గ్రూపుల్లో రాసుకుంటారు. ఆ మాట ఎవరో చూపిస్తే ఆమె రెండుసార్లు చదువుకుంది. తాను మంచిదాన్నన్న నమ్మకం ఆమెకు ఒంటిమీది బట్టలాంటిది. అది ఉందన్న ధ్యాస కూడా ఉండేది కాదు.

ఆ ఏడు సెప్టెంబరులో స్వీటీ అనే అమ్మాయి కింద దిగింది. ఖమ్మం పిల్ల. ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు పూర్తిచేసి ఉద్యోగం వెతుక్కుంటోంది. సాయంత్రాలు ఒక కాఫీ షాపులో పని. మాట మెత్తన, నడక మెత్తన, అద్దె ఒకటో తారీఖు ఉదయానికే. సరోజనకు బాగా నచ్చింది.

అక్టోబరులో ఒకరోజు ఇంటిని వేడిచేసే ఫర్నెస్ ఫిల్టరు మార్చడానికి సరోజన కిందికి దిగింది. స్వీటీ స్నానానికి పోయి ఉంది. లాండ్రీ గదిలో నేలమీద పడివున్న మేజోడు దానంతటదే కదిలింది. ఆమె చూస్తుండగానే వాషింగ్ మెషిన్ వెనక నుంచి మూరెడు పొడవున్న జంతువొకటి వచ్చి, ఆ మేజోడును నోట కరుచుకుని వెనక్కి వెనక్కి లాక్కుపోయింది.

"ముంగిస! స్వీటీ, ముంగిస దూరింది ఇంట్ల!"

స్వీటీ తడి జుట్టుతోనే పరుగెత్తుకొచ్చింది. "ముంగిస కాదు ఆంటీ, ఫెరెట్. ఏం చెయ్యదు. భయపడకండి, ప్లీజ్."

ఒకటి కాదు, మూడున్నాయి. స్వీటీ గది మూలలో దుప్పటి కప్పిన పెద్ద బోను. మెత్తటి తెల్ల జంతువు జున్ను. గోధుమరంగు ఒళ్లు, కళ్ల చుట్టూ నల్లటి పట్టీ ఉన్నది బూంది. అన్నిటికన్నా చిన్నది, గుడ్డ ఉయ్యాలలో వేలాడుతూ నిద్రపోతున్నది కాజా. పాత రూమ్మేట్‌కు ఆల్బర్టాలో ఉద్యోగం వస్తే వీటిని వదిలేసి పోబోయిందట.

"వదిలేసి పోతుంటే చూడలేకపోయాను ఆంటీ. మీకు ముందే చెప్పాల్సింది. చెబితే ఇల్లు ఇవ్వరేమోనని..."

"నా ఇంట్ల, నాకు తెల్వకుండ! నెల నుంచి?"

కానీ స్వీటీ ఏడ్చింది. ఏడుస్తూనే కాజాను తీసి ఆమె చేతిలో పెట్టింది. అది లేవలేదు. తడిగుడ్డలా రెండు వైపులా వేలాడింది. చచ్చిపోయిందేమోనని సరోజన దాని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. "వీటి నిద్ర అంతే ఆంటీ" అని స్వీటీ కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. సరోజనకూ నవ్వొచ్చింది. సరే, వేరే చోటు దొరికేదాకా ఉంచుకోమంది.

అక్కడితో ఆగివుంటే ఈ కథ లేదు.

చలి పెరిగి హీటర్ వేయడం మొదలయ్యాక వాసన పైకి రాసాగింది. కస్తూరిలాంటి, పాత తడిబట్టలలాంటి ఘాటైన వాసన. స్వీటీ రోజూ బోను కడిగేది. అయినా గాలి గొట్టాల్లోంచి అది పూజగదిలోకీ వంటింట్లోకీ వచ్చేది. కార్తీక మాసంలో ఆదివారం పూట సత్యనారాయణ వ్రతం పెట్టుకుంది సరోజన. ముప్ఫై మందిని పిలిచింది. వారం ముందు, తెలుగు సంఘంలో పెద్దావిడ విశాలాక్షి గారు ఏదో పనిమీద వచ్చి, గుమ్మంలోనే ముక్కు ఎగబీల్చారు.

"ఏంటమ్మా సరోజనా, ఎక్కడైనా ఎలుక చచ్చిందా?"

ఆ ఒక్క మాటే. సరోజన ముఖం కందిపోయింది. ఆ రాత్రి నిద్రపట్టలేదు. ముప్ఫై మంది వచ్చి ముప్ఫై ముక్కులు మూసుకుంటారనుకుంది. తన ఇల్లు అనగానే పిల్లలు చెప్పుకునే మాట, ఆడవాళ్లు ఇచ్చే గౌరవం, అన్నీ ఈ వాసనతో పోతాయనుకుంది.

ఆ మంగళవారం స్వీటీకి హాలిఫాక్స్‌లో ఉద్యోగం చివరి ఇంటర్వ్యూ వచ్చింది. శనివారానికి తిరిగొస్తుంది. "నాలుగు రోజులే ఆంటీ. పొద్దున ఒకసారి, మీరు షిఫ్టుకు వెళ్లేముందు ఒకసారి గిన్నెలు నింపితే చాలు. వాటికి ఆకలి ఆగదు" అని బతిమాలింది. సరోజన సరేనంది. మంగళవారం చెప్పినట్టే చేసింది కూడా.

బుధవారం ఉదయం పూజగది గోడలు కడిగి, సాంబ్రాణి వేసి, తలుపు మూసి, అరగంట తర్వాత తెరిచింది. సాంబ్రాణి వాసన కింద ఆ వాసన అలాగే ఉంది. ఆమె కిందికి దిగి ఒక అట్టపెట్టె తీసుకుంది. పాత తువ్వాలు పరిచింది. మూడింటినీ అందులో పెట్టింది. కాజా నిద్ర లేవలేదు. బూంది పెట్టె అంచుకు ఎక్కబోతే లోపలికి నెట్టింది. జున్ను ఆమె మణికట్టు నాకింది. గిన్నెడు మేత పోసింది. నీళ్లు ఒలికిపోతాయని పెట్టలేదు.

జంతువుల ఆశ్రయానికి తీసుకుపోవచ్చు. కానీ అక్కడ పేరు అడుగుతారు, అడ్రసు అడుగుతారు. స్వీటీకి తెలుస్తుంది. ఆ సంగతి ఆమె బాగా ఆలోచించుకునే పెట్టెను ఇంటికి ఆరు కిలోమీటర్ల దూరంలో, స్పీడ్ నది పక్కనున్న నడకదారికి తీసుకుపోయింది. బల్ల పక్కన పెట్టింది. రోడ్డుమీదికి పోకుండా పెట్టె రెక్కల్ని ఒకదాని కింద ఒకటి మడిచి బిగించింది. నలుగురూ నడిచే దారి, అరగంటలో ఎవరో ఒకరు తీసుకుపోతారు అనుకుంది. తిరిగొచ్చి బోను తలుపు తెరిచిపెట్టింది. లాండ్రీ గదిలోంచి పెరట్లోకి పోయే తలుపు కూడా కాస్త తీసిపెట్టింది.

షిఫ్టు మొదలైన గంటకు వాన పడింది. సన్నగానే, కానీ ఆగలేదు. బ్రేకు ఇరవై నిమిషాలే, పోయిరాలేను అనుకుంది. పని అయ్యాక, ఈపాటికి ఎవరో తీసుకుపోయే ఉంటారు అనుకుంది. గురువారం కూడా అదే అనుకుంది. ఒక్కసారి కూడా వెళ్లి చూడలేదు.

శనివారం వచ్చిన స్వీటీ, ఖాళీ బోను ముందు బ్యాగు భుజాన ఉండగానే కూలబడింది.

"లాండ్రీ తలుపు సరిగ పడలేదు బిడ్డా. మేతపెట్టి పైకి పోయి వచ్చేలోపట పోయినయ్. నేనే చూసుకోకపోతిని."

"మీ తప్పేం లేదు ఆంటీ. బూంది ఎంత గట్టి తలుపైనా తీస్తుంది. మీరు బాధపడకండి."

ఆ మధ్యాహ్నమంతా స్వీటీ బొమ్మ ఒకటి పిసుకుతూ, కీచుమనిపిస్తూ, పొదల కింద మోకాళ్లమీద పాకింది. ఫొటోలతో పోస్టర్లు అచ్చువేయించుకొచ్చింది. ఇద్దరూ కలిసి వీధివీధీ తిరిగి స్తంభాలకు అంటించారు. సరోజన టేపు కత్తిరించి ముక్కలు అందించింది. స్వీటీ నది వైపు కూడా అంటిద్దామంటే, "అంత దూరం ఎట్ల పోతయ్? చుట్టుపక్కలనే ఉంటయ్" అంది. ఆశ్రయానికి స్వీటీ ఫోన్ చేసింది. అక్కడికి ఏవీ రాలేదన్నారు.

ఆదివారం వ్రతం బాగా జరిగింది. ఇల్లంతా సాంబ్రాణి వాసన. స్వీటీ ఉబ్బిన కళ్లతో వచ్చి చివర కూర్చుంది. తన జంతువులు దొరకాలని దీవించమని పంతులుగారిని అడిగింది. ఆయన అక్షతలు వేశారు. సరోజన ఆ పిల్ల దోసిట్లో ప్రసాదం పెడుతూ చూపు తిప్పుకుంది.

డిసెంబరు మొదట్లో స్వీటీకి హాలిఫాక్స్ ఉద్యోగం ఖాయమైంది. వెళ్లేముందు సరోజన కాళ్లకు దండం పెట్టింది. "బోను ఇక్కడే ఉంచుతాను ఆంటీ. దొరికితే కావాలి కదా" అంది. ఆ బోను సరోజన బేస్‌మెంటులో ఉండిపోయింది. దానిమీద దుప్పటి కప్పింది. గది మళ్లీ ఎవరికీ అద్దెకివ్వలేదు. ఎందుకని రాఘవులు అడిగితే రంగులు వేయించాలంది.

జనవరిలో ఒకరోజు లంచ్ గదిలో శీల ఫోన్లో ఒక పేజీ తెరిచి ఆమె ముందు పెట్టింది. శీల ప్యాకింగులో పనిచేస్తుంది. ఫిజీలో పుట్టి, సర్రేలో పెరిగి, పెళ్లయ్యాక ఒంటారియోకు వచ్చింది. వాళ్లవ్వ నేర్పిన తెలుగు ఆమెది, కొంచెం పాతది, కొంచెం విరిగింది. ఇక్కడ ఆ భాష మాట్లాడుకోవడానికి సరోజన తప్ప ఎవరూ లేరు. అందుకే రోజూ పక్కనే కూర్చుంటుంది. శీలకు ఒక ఫెరెట్ ఉండేదని, తొమ్మిదేళ్లు బతికి కిందటేడే పోయిందని సరోజనకు తెలుసు. పెట్టె సంగతి తర్వాత ఆ ఊసొచ్చినప్పుడల్లా సరోజనే మాట మార్చేది.

"చూడు సరోజనక్కా, ఈ రెండింటికీ ఇంకా ఇల్లు దొరకలే. ఎవరో పెట్టెలో పెట్టి నది దగ్గర పారేసినారు. వానలో రెండు రోజులు. మూడు ఉండె, ఒకటి చచ్చిపోయె. దొరికినప్పుడు ఈ రెండూ దానిమీద పడుకుని ఉండెనంట, వెచ్చగా ఉంచేదానికి. ఎట్లాంటి మనుషులో! వాళ్లకు మంచి కాదు."

ఫొటోలో జున్ను, బూంది. జున్ను చెవి ఒకటి చిరిగి ఉంది. సరోజన చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది.

"ఏమైంది అక్కా?"

"కారం ఎక్కువైంది" అంది సరోజన.

పెట్టె పెట్టిన తర్వాతి శుక్రవారం ఉదయం వాటిని చూసినామె ఫెర్గస్ నుంచి వాకింగుకు వచ్చిన మనిషట. అందుకే గ్వెల్ఫ్‌లో ఎవరికీ చెప్పకుండా, తన ఊరి దగ్గర ఫెరెట్లను చేరదీసే డోరీన్ అనే ఆవిడ ఇంటికి తీసుకుపోయింది. ఆ పేజీలో చిరునామా ఉంది. శనివారాలు సాయానికి మనుషులు కావాలని కూడా ఉంది.

సరోజన మొదటి శనివారం వెళ్లినప్పుడు లోపలికి పోలేక కారులోనే పావుగంట కూర్చుంది. డోరీన్‌కు డెబ్బై దాటాయి. స్కూలు బస్సు నడిపి రిటైరైంది. తుంటి నొప్పితో ఒక పక్కకు ఒరిగి నడుస్తుంది. ఎందుకొచ్చావని అడగలేదు. చేతికి తొడుగులిచ్చి పద్నాలుగు ఫెరెట్లున్న బోన్లు చూపించింది. సరోజన బోన్లు కడిగింది, మలం తీసింది, గుడ్డ ఉయ్యాలలు ఉతికింది. ఇంట్లో భరించలేకపోయిన వాసన ఇక్కడ నాలుగైదింతలు. అది తన బట్టలకు అంటుకుంటే ఆమెకు కొంత తేలికగా అనిపించేది. ఆ తేలిక కూడా తనకు తగదనుకునేది.

డోరీన్ పనిచేస్తూనే అన్నీ చెప్పేది. ఇవి మూడు నాలుగు గంటలకోసారి తినాలి, నీళ్లు లేకపోతే పొడిమేత మింగలేవు, తడిస్తే ఒంట్లో వేడి నిలవదు. చెప్పే ప్రతి మాటా సరోజనకు ఆ పెట్టె దగ్గరికే పోయేది.

అక్కడ వాటి పేర్లు బిస్కట్, పికిల్. ఒక శనివారం డోరీన్ వెనక గదిలో ఉందనుకుని, సరోజన బోను దగ్గర వంగి "బూందీ" అంది. మూలలో ముడుచుకున్న జంతువు తల ఎత్తింది. బోను కమ్మీల దాకా వచ్చి నిలబడి, ఆమె వేలు వాసన చూసి, గట్టిగా కరిచింది. రక్తం వచ్చింది.

గుమ్మంలో డోరీన్ నిలబడి ఉంది. "ఏమని పిలిచావు? అది పిలిస్తే ఎప్పుడూ రాలేదు."

"మా భాషలో... ముద్దుగా అట్లా పిలుస్తాం" అంది సరోజన. మళ్లీ అబద్ధం. ఈసారి వేలు నొక్కిపట్టుకుని చెప్పింది.

ఫిబ్రవరిలో డోరీన్ తుంటి ఆపరేషన్‌కు తేదీ ఇచ్చారు. ఏప్రిల్ చివర. ఆ తర్వాత కూతురి దగ్గరికి మారిపోతుంది, ఇల్లు అమ్మేస్తుంది. ఉన్న పద్నాలుగింటికీ శాశ్వతంగా ఉండిపోయే ఇళ్లు చూడాలి. ఒకటొకటే వెళ్లాయి. కొన్ని ఒంటారియోలోనే ఉన్న లండన్‌కు, కొన్ని బారీకి. మార్చి మధ్యకు ఈ రెండే మిగిలాయి. బూంది కరుస్తుంది. జున్ను మనుషులొస్తే మేత మానేస్తుంది. విడదీయడానికి వీల్లేదు. ఒక కుటుంబం తీసుకుపోయి నాలుగో రోజు తెచ్చి దింపేసింది. ఆ రోజు బూంది బోనులోకి పోగానే తువ్వాలు కిందికి దూరి వణకడం సరోజన చూసింది.

ఇక తానే పెంచుకుంటానంది. రాఘవులు మొదట నమ్మలేదు, తర్వాత నీ ఇష్టమన్నాడు. డోరీన్ ఇచ్చిన ఫారం ఇంటికి తెచ్చుకుని నింపింది. ‘ఎప్పుడైనా పెంపుడు జంతువును వదిలేశారా? ఎందుకు?’ అన్న ప్రశ్న దగ్గర చాలాసేపు ఆగి, ‘లేదు’ అని రాసింది.

ఆదివారం డోరీన్ సరోజన ఇల్లు చూడటానికి వచ్చింది. సరోజన టీ పెట్టింది. డోరీన్ బేస్‌మెంటు చూసింది, తలుపులు చూసింది. దుప్పటి కింద బోను కూడా చూసింది. ముందుగానే కొన్నావా, మంచి బోను, అంది. పైకొచ్చి కూర్చుని, "జనవరి నుంచి ఒక్క శనివారం మానలేదు. నీలాంటి మనుషులుంటే నాకీ పని ఎప్పుడో తీరిపోయేది" అని ఫారం కోసం చెయ్యి చాపింది.

సరోజన ఫారం ఇవ్వలేదు. తన వచ్చీరాని ఇంగ్లీషులో మొదటి నుంచి చెప్పింది. స్వీటీ, వాసన, వ్రతం, పెట్టె, పోస్టర్లు. మధ్యలో ఇంగ్లీషు మాట దొరక్క రెక్కల్ని ఎలా మడిచిందో చేతులతో చూపించింది.

డోరీన్ అంతా విని అడిగింది. "ఏ రోజు పెట్టావు?"

"బుధవారం. పదకొండు గంటలకు."

"మాకు దొరికింది శుక్రవారం ఉదయం. చిన్నది అప్పటికే చల్లబడిపోయింది." డోరీన్ కప్పును దూరం జరిపింది. "రెక్కలు తెరిచి పెట్టినా బయటికొచ్చి నీళ్లు తాగేవి. ఏదైనా గుమ్మం కిందికి దూరేవి."

"రోడ్డు మీదికి పోతయనుకున్న."

"నీకు వీటిని ఇవ్వను." డోరీన్ గొంతు పెంచలేదు. "నువ్వు మళ్లీ చేస్తావని కాదు. చెయ్యవని తెలుసు. కానీ ఇవి నీ ఇంట్లో ఉంటే నువ్వు వాటిని చూసినప్పుడల్లా నీ గురించే ఆలోచిస్తావు. అవి ఇప్పటికే చాలా మోశాయి."

సరోజన తల ఊపింది. ఏడవకూడదని పళ్లు బిగపట్టింది. ఏడిస్తే డోరీన్ తనను ఓదార్చవలసి వస్తుందని ఆమెకు తెలుసు.

గుమ్మం దాటుతూ డోరీన్ అంది. "శనివారం రా, పని ఉంది. ఐదు వారాలే టైముంది. ఇల్లు నువ్వే వెతుకు. అది ఎందుకు కరుస్తుందో అడిగిన ప్రతివాళ్లకూ ఉన్నది ఉన్నట్టు చెప్పు. దాచి ఇస్తే మళ్లీ తెచ్చి పడేస్తారు."

సరోజన వెతికింది. ఫోన్లు చేసింది. ముగ్గురితో మాట్లాడింది. ఎందుకు కరుస్తుందని అడిగినప్పుడు "నేనే వానలో వదిలేసిన" అని చెప్పింది. ఒకరు ఫోన్ పెట్టేశారు. ఒకరు తిట్టారు. మూడో ఆవిడ నెమ్మదిగా, వాళ్లకు చిన్నపిల్లలున్నారని చెప్పింది. ఒక మనిషి పేరు మాత్రం మొదటి నుంచీ ఆమెకు తెలుసు. ఆ మనిషికి చెప్పడం తప్పించుకోవడానికే మిగతా అందరికీ చెబుతోంది.

ఏప్రిల్ మొదటి సోమవారం లంచ్ గదిలో శీల టిఫిన్ తెరుస్తుండగా చెప్పింది.

"శీలా, నది దగ్గర పెట్టె పెట్టింది నేనే."

శీల మొదట నవ్వబోయింది. ముఖం చూసి ఆగింది. సరోజన మిగతాదంతా చెప్పింది. శీల డబ్బా మూత పెట్టేసింది.

"నేను నీ ముందే తిడితినే. నువ్వు కారం అంటివి."

"అవును."

"నా ముసలి ఫెరెట్ పోయినప్పుడు నువ్వు నాకు హల్వా చేసి తెస్తివి. అవ్వ లాంటి మనిషివి అనుకుంటిని నిన్ను."

ఆమె లేచి వేరే బల్లకు వెళ్లి కూర్చుంది. వారంన్నర మాట్లాడలేదు. లంచ్ గదిలో మిగతావాళ్లకు విషయం తెలిసిందో లేదో సరోజనకు తెలియదు. ఎవరు నవ్వినా తన గురించేననిపించేది. లైనులో ముక్కలు వెలుతురుకు పట్టి చూస్తుంటే, ఇంత జాగ్రత్త మనిషినని ఇన్నేళ్లు ఎలా నమ్మానా అనిపించేది.

పదకొండో రోజు శీల వచ్చి నిలబడింది, కూర్చోలేదు.

"నేను చూసేదానికి వస్తా. నీ కోసం కాదు. ముందు ఆ పిల్లకు చెప్పాలి. అవి ఆ పిల్లవి. ఆమె కావాలంటే ఆమెకే పోవాల. ఆమె వద్దంటేనే నేను."

సరోజన ఇంటికొచ్చి, ఫోన్ తీసి, పెట్టి, మళ్లీ తీసింది. స్వీటీ ఉత్సాహంగా పలికింది. "ఆంటీ! ఎన్ని రోజులకు! ఇప్పుడే ఫెర్రీ పడవ దిగా, డ్యూటీకి పోతున్నా. బాగున్నారా?"

"స్వీటీ, జున్ను, బూంది ఉన్నయ్. బతికే ఉన్నయ్." ఆ ఒక్క మాటకు అటువైపు నుంచి వచ్చిన కేక వింటూ ఆమె గోడ పట్టుకుంది. "ఆగు బిడ్డా. సంతోషపడకు. నేను చెప్పేది విను."

చెప్పడానికి ఐదు నిమిషాలు పట్టింది. అటువైపు గాలి శబ్దం, పక్షుల అరుపులు. స్వీటీ అడిగింది.

"పెట్టెలో ఏమైనా గుడ్డ వేశారా ఆంటీ?"

"తువ్వాలు వేసిన."

"కాజాకు చలి ఎక్కువ. ఎప్పుడూ నా జేబులోనే పడుకునేది." తర్వాత తనే అంది. "పోస్టర్లు అంటించేటప్పుడు టేపు మీరే కత్తిరించి ఇచ్చారు."

"అవును."

"మీకు దండం పెట్టి వచ్చాను నేను."

క్షమించమని అడుగుదామని సరోజనకు నోటిదాకా వచ్చింది. అది కూడా ఆ పిల్లను ఇంకొకటి అడగడమే అనిపించి ఊరుకుంది. స్వీటీ చెప్పింది. తానుండేది నలుగురు పంచుకునే ఫ్లాటని, జంతువులకు వీల్లేదని, పన్నెండు గంటల డ్యూటీలని. "ఆ శీల ఆంటీ నంబరు పంపండి. టీకాలు, వయసు, ఏం తింటాయో నేను ఆమెకే చెబుతాను. మీరు మళ్లీ ఫోన్ చెయ్యకండి."

శనివారం శీల డోరీన్ ఇంటికి వచ్చింది. సరోజన పక్క గదిలో ఉయ్యాలలు మడతపెడుతూ తలుపు సందులోంచి చూసింది. శీల బోను తెరిచి, నేలమీద బోర్లా పడుకుంది. చెయ్యి చాపి ఊరుకుంది. ఇరవై నిమిషాలైనా కదల్లేదు. బూంది వచ్చి కరిచింది. శీల పళ్లమధ్య నుంచి గాలి పీల్చింది గానీ చెయ్యి లాక్కోలేదు. "కొరుకు, కొరుకు, నీకు కోపం ఉంటది" అంది తన అవ్వ తెలుగులో. తర్వాత జున్ను, పక్కపక్కకు నడుస్తూ వచ్చి, ఆమె మేజోడు కొస పట్టుకుని లాగింది.

మరుసటి శనివారం శీల, ఆమె భర్త వచ్చి వాటిని తీసుకుపోయారు. డోరీన్ కాగితాలమీద సంతకాలు చేయించుకుంది. పేర్ల దగ్గర బిస్కట్, పికిల్ కొట్టేసి శీల చెప్పినట్టు రాసుకుంది. స్వీటీ బోనును సరోజనే కడిగి, రాఘవులు చేత ముందు ఆదివారమే శీల ఇంటికి పంపించింది. రాఘవులుకు అంతకు ముందురోజు రాత్రి, ఆయన ఇంటికి రాగానే మొత్తం చెప్పింది. ఆయన "నాకు ఆ రోజే ఫోన్ చేస్తే ఎవరినన్న పంపి తెప్పించేటోణ్ణి కదా" అన్నాడు. ఆ మాట తర్వాత ఆయన దాన్ని ఎత్తలేదు. ఆమెకు మాత్రం అది రోజూ వినిపిస్తుంది.

శీల ఇప్పుడు మళ్లీ అదే బల్ల దగ్గర కూర్చుంటోంది, ఒక కుర్చీ ఎడంగా. అడిగితే చెబుతుంది. బూంది ఇప్పుడు కొత్తవాళ్లనే కరుస్తోంది, జున్ను బరువెక్కింది. ఇంటికి రమ్మని అనదు, సరోజన అడగదు.

డోరీన్ ఆపరేషన్‌కు వెళ్లే ముందువారం, శీల ఫోన్‌లో వచ్చిన ఒక మెసేజ్ సరోజనకు చదివి వినిపించింది. స్వీటీ రాసింది. కాజాను ఎక్కడ పాతిపెట్టారో ఒక ఫొటో కావాలి. రాయి ఉంటే దానిమీద పేరు రాయాలి. ‘సరోజన ఆంటీ రాయొద్దు. ఆ డోరీన్ గారిని రాయమనండి.’

డోరీన్ పెరట్లో లైలాక్ పొద కింద చిన్న చదును రాయి ఉంది. పేరు తెలియదు కనుక దానిమీద ఏమీ లేదు. మంచు అప్పుడే కరిగి నేలంతా బురద, కిందటేటి ఆకులు. డోరీన్ కుర్చీ వేయించుకుని, ఒళ్లో రాయి పెట్టుకుని, కుంచెను తెల్ల పెయింటులో ముంచింది.

"చెప్పు. నెమ్మదిగా."

సరోజన ఒక్కో అక్షరమే ఇంగ్లీషులో చెప్పింది. కె. ఏ. జె. ఏ. డోరీన్ కుంచె జారి రెండో ఏ వంకరగా వచ్చింది. తుడిచి మళ్లీ రాయనా అని అడిగింది. బాగానే ఉందంది సరోజన. రాయిని తిరిగి దాని చోట పెట్టి, ఆకులు ఏరబోయి, ఏరకుండానే ఫొటో తీసి శీలకు పంపింది.

స్వీటీ ఆ ఫొటో చూసిందని శీల చెప్పింది. ఏమన్నదో చెప్పలేదు.